చప్పనీళ్ళు

రేవులపాడు పట్టణంలో కూల్‌డ్రింకుల మీద మూడు చట్టాలు వచ్చాయి. మూడూ ఓడిపోయాయి. మొదట పన్ను వేశారు. సీసా ధర పెరిగింది, కొన్నాళ్ళు ఇద్దరు పిల్లలు కలిసి ఒక సీసా తాగారు, తర్వాత మళ్ళీ చెరొకటి మొదలుపెట్టారు. సీసా మీద ఎర్రటి హెచ్చరిక వేయించారు, దాన్ని ఎవరూ చూడలేదు. బడికి రెండు వందల గజాల లోపల అమ్మకూడదన్నారు. రెండు వందల పది గజాల దగ్గర కొత్త కొట్లు వెలిశాయి. విచిత్రమేమిటంటే ఎప్పుడు సర్వే చేసినా జనం ప్రభుత్వం వైపే ఉండేవారు. నూటికి డెబ్భై మంది ఇంకా గట్టి చట్టం కావాలనేవారు. ఆ మాట చెబుతున్నప్పుడు కొందరి చేతిలో సీసా ఉండేదని సర్వేకి వెళ్ళినవాళ్ళు చెప్పుకుని నవ్వుకునేవారు.

జనం కోరికకీ నాలుకకీ మధ్య ఉన్న ఈ చిక్కుకి మందు కనిపెట్టింది ఇందుమతి. ఊరి చివర ఉన్న ఆహార రసాయన పరిశోధన కేంద్రంలో ఆమె పెద్ద శాస్త్రవేత్త. నలభై నాలుగేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు శేషగిరి ఇంట్లో, మేడ మీద గదిలో ఉండేది. శేషగిరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. అతని కూతురు హన్సికకి పదేళ్ళకే షుగర్ వచ్చింది. పెద్దవాళ్ళకి రావలసిన జబ్బు. బడి నుంచి వచ్చేటప్పుడు రోజుకో సీసా తాగేదని వాళ్ళకి డాక్టరు అడిగేదాకా తెలియదు. తిట్టారు, బతిమాలారు, కాపలా కాశారు. ఆ పిల్ల కూల్‌డ్రింకును మంచినీళ్ళ సీసాలో పోసుకుని తాగడం నేర్చుకుంది.

ఇందుమతి ఏడేళ్ళు కష్టపడి తయారుచేసిన పదార్థానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. తాగేనీళ్ళలో చిటికెడు కలిపితే చాలు. పట్టణానికి దాన్ని పరిచయం చేసిన రోజున మునిసిపల్ హాల్లో శేషగిరే ముందుకొచ్చాడు. పది రోజులుగా ఆ నీళ్ళు తాగుతున్నాడు. అందరి ముందూ చల్లటి కూల్‌డ్రింకు ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"తినేసోడా కలిపిన నీళ్ళలా ఉంది," అన్నాడు మైకులో. తర్వాత ఒక బూందీ లడ్డూ కొరికాడు. "ఇదేమో తియ్యగానే ఉంది."

అదే దాని గొప్పతనం. నాలుక మీద తీపిని పట్టుకునే చోట్ల ఈ పదార్థం ముందుగానే వెళ్ళి కూర్చుంటుంది. నమిలితే ఊరే లాలాజలం దాన్ని కాసేపు పక్కకి నెట్టేస్తుంది. అందుకని తినే తీపి తెలుస్తుంది, తాగే తీపి తెలియదు. పండగ పిండివంటలకి లోటు లేదు, సీసా మాత్రం చప్పన.

ఓటు పెట్టారు. నూటికి డెబ్భై ఎనిమిది మంది అవునన్నారు. ఓటుకి ముందు శేషగిరి వీధి వీధీ తిరిగి హన్సిక కథ చెప్పి సంతకాలు పెట్టించాడు. కూల్‌డ్రింకుల కంపెనీలు ఏదో ఒకటి చేసి మధ్యలో ఆపిస్తాయని ఇందుమతికి భయం. అందుకని ఆమె పట్టుబట్టి ఒక నిబంధన రాయించింది. రెండేళ్ళ లోపల పథకం ఆపాలంటే మళ్ళీ ఓటు పెట్టాలి, మూడింట రెండు వంతుల మంది ఆపమనాలి. కమిషనర్ కుముదిని ఆ కాగితం చదివి, "తలుపు బాగానే బిగించారు మేడమ్," అంది.

కాగితాల మీద దాని పేరు తేటనీటి పథకం. ఊళ్ళో అందరూ చప్పనీళ్ళన్నారు.

ఆర్నెల్లలో కొట్లలోని ఫ్రిజ్జుల్లో మజ్జిగ ప్యాకెట్లు చేరాయి. టీ కొట్ల వాళ్ళు చక్కెర వేయడం మానేశారు, వేసినా తెలియదు కాబట్టి. హన్సిక మూడు కిలోలు తగ్గింది. పరగడుపున చూస్తే షుగర్ నూట ఐదు. శేషగిరి ఆ అంకెను ఫోన్లో ఫొటో తీసుకుని స్టాఫ్ రూములో అందరికీ చూపించాడు. మళ్ళీ సర్వే చేస్తే నూటికి తొంభై ఒక్క మంది పథకం కావాలన్నారు.

అప్పుడే శేషగిరి భార్య స్రవంతి పుట్టింటి నుంచి మూడో నెల బిడ్డతో వచ్చింది. ఆమె పుట్టిల్లు చింతలమెరక, బోరు నీళ్ళు తాగే పల్లె. కడుపుతో ఉండగానే పథకం మొదలవక ముందే వెళ్ళింది. బిడ్డ బొద్దుగా ఉన్నాడు. పాలకి లేచాడంటే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చి, పట్టాడంటే ఊపిరి తీసుకోవడం కూడా మరిచేవాడు.

వచ్చిన మూడో వారంలో వాడు పాలు మానేశాడు. రొమ్ముకి పెడితే ఆత్రంగా అందుకునేవాడు. రెండుసార్లు చప్పరించి, వదిలేసి, మొహం పక్కకి తిప్పుకునేవాడు. మళ్ళీ ఆకలికి ఏడుపు. మళ్ళీ అందుకోవడం, మళ్ళీ వదిలేయడం. డబ్బా పాలు సీసాలో పోసి పట్టినా అంతే. నోట్లో పూత లేదు, జ్వరం లేదు. పిల్లల డాక్టరుకి ఏమీ దొరకలేదు. స్రవంతి వంకాయ మానేసింది, పచ్చిమిర్చి మానేసింది. పక్కింటావిడ వచ్చి తల్లి మనసు బాగుండకపోతే పాలు విరుగుతాయని చెప్పి వెళ్ళింది. శేషగిరి ఏం చెయ్యాలో తోచక చెంబు పట్టుకుని భార్య పక్కనే నిలబడేవాడు.

"నీళ్ళు బాగా తాగు స్రవంతీ. నీళ్ళు తాగితేనే పాలు పడతాయి."

ఆమె చెంబుల కొద్దీ కొళాయి నీళ్ళు తాగింది.

చివరికి ఉగ్గుగిన్నె తీశారు. బిడ్డను ఒళ్ళో అదిమి పట్టుకుని, చుక్క చుక్క గొంతులో జారవిడవడం. సగం బయటికే వచ్చేది. రెండు గంటల పని అయ్యాక మళ్ళీ పాలవేళ అయ్యేది. పదిహేను రోజుల్లో వాడి తొడల మీద చర్మం ముడతలు పడింది.

ఒక ఆదివారం పొద్దున పెరటి మెట్ల మీద కూర్చుని గిన్నె కడుగుతూ స్రవంతి అడిగింది. "వదినా, నవ్వకండి. వీడికి నా పాలు చప్పగా ఉంటున్నాయా?"

ఇందుమతి నవ్వలేదు. చేతిలో పట్టుకున్న కాఫీ గ్లాసు మెట్టు మీద పెట్టి, కాసేపు ఆ గ్లాసు వైపే చూసింది. పాలు తియ్యగా ఉంటాయి. ఆ తీపి కోసమే పసినాలుక తల్లి వైపు తిరుగుతుంది. బిడ్డ నమలడు. వాడికి ఉన్నదంతా తాగే తీపే.

"ఒక చిన్న సీసాలో కొంచెం పాలు పిండి ఇస్తావా అమ్మా?" అంది.

ల్యాబ్‌లో పరీక్ష చేయడానికి గంటన్నర పట్టింది. కొళాయి నీటిలో ఎంత మందు ఉందో, తల్లిపాలలో దానికి మూడు రెట్లు ఉంది. ఒంట్లో చేరి, కొవ్వులో నిలవుండి, పాలతో దిగుతోంది. నీళ్ళు ఎంత తాగితే అంత. ఇందుమతి పాత ఫైళ్ళు తీసింది. మనుషుల మీద చేసిన ప్రయోగాల జాబితాలో గర్భిణులు, బాలింతలు లేరు. వాళ్ళకి హాని జరగకూడదని నిబంధనల ప్రకారమే తీసేశారు. ఆ కాగితం కింద సంతకం తనదే. పెట్టిన రోజున మంచి పని చేస్తున్నాననే అనుకుంది.

అక్కడి నుంచి తిన్నగా ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. అక్కడి నర్సు మార్తమ్మ ఇరవై ఏళ్ళుగా ఆ ఊరి పసిపిల్లలను తూకం వేస్తోంది.

"పద్నాలుగు మంది బరువు ఎక్కట్లేదండి," అంది మార్తమ్మ. "మొదట్లో తల్లులనే తిట్టాను. తిండి తినట్లేదేమోనని."

"ఎవరికైనా ఏమైనా..."

మార్తమ్మ తూకాల పుస్తకం మూసింది. "రేవు వార్డులో ఒక ఆడపిల్ల పోయిందమ్మా. నిమ్ము అని రాశాం. నిమ్మే. కాకపోతే అంతకుముందు పది రోజులు పాలు తాగలేదు."

కమిషనర్ కుముదిని కాగితాలు శ్రద్ధగానే చదివింది. "నేనేం చెయ్యను మేడమ్? ఆపే అధికారం నాకు లేకుండా మీరే రాయించారు. ఓటు పెడదాం, అంతే," అంది.

పన్నెండో రోజున మునిసిపల్ హాల్లో సభ పెట్టారు. ఇందుమతి పాల పరీక్షల సంగతి చెప్పింది, తప్పు తనదేనని చెప్పింది. తర్వాత వెనక వరుసలో ఒక ముసలాయన లేచాడు. షుగర్‌తో మోకాలి కింద కాలు తీసేసిన మనిషి.

"తల్లీ, నీ మాట కాదనను. కానీ మా వీధిలో ముప్పై మంది పిల్లలున్నారు. ఈ నీళ్ళు ఆపితే ఆ ముప్పై మందీ రేపు నాలా కుంటుతారు. పాలిచ్చే అమ్మలు నలుగురైదుగురు. ఓ ఏడాది పుట్టింట్లో ఉంటే పోలా?"

చాలా తలలు ఊగాయి. బాలింతలకి డబ్బా నీళ్ళు ఇద్దామన్నారు ఎవరో. డబ్బాలు నింపేది కూడా ఈ కొళాయి నీటితోనేనని, ఊళ్ళో గేదెలు తాగేది, అన్నం ఉడికేది ఈ నీటితోనేనని, ఈ రోజు మానేసినా మందు ఒంట్లోంచి పోవడానికి నలభై రోజులు పడుతుందని ఇందుమతి చెప్పింది. ఆమె మాట పూర్తికాకముందే ఇంకెవరో, "కంపెనీ వాళ్ళు ఎంతిచ్చారు?" అన్నారు. హాలంతా ఒక్కసారి ఆమె వైపు చూసింది. ఆ చూపు ఆమెకి కొత్త.

నూటికి ఆపమన్నవాళ్ళు నలభై రెండు. కొనసాగించమన్నవాళ్ళు యాభై ఎనిమిది.

ఆ సాయంత్రం మేడ మెట్ల దగ్గర శేషగిరి ఆమెకి ఎదురుపడ్డాడు. దాచుకునే మనిషి కాదు.

"నేను కొనసాగించమనే వేశానక్కా."

"మీ బుజ్జిగాడు ఇంట్లో అలా ఉంటే?"

"వాడికి ఉగ్గుగిన్నె ఉంది. వాళ్ళమ్మ ఉంది. పల్లెకి పంపిస్తాను, నలభై రోజులకి మళ్ళీ రొమ్ము పడతాడు. హన్సికకి ఏముంది? చెప్పు. నేను బడి గేటు దగ్గర జీవితాంతం నిలబడలేను."

అతను అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

మర్నాడే స్రవంతి బిడ్డను తీసుకుని చింతలమెరక బస్సెక్కింది. బస్సు కిటికీలోంచి, "వదినా, నలభై రోజులు వీడు ఆగుతాడా?" అని అడిగింది. ఆగుతాడంది ఇందుమతి. పల్లెకి వెళ్ళడానికి పుట్టిల్లు లేని బాలింతల సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు.

సోమవారం ఉదయం పది గంటలకి ఆమె ఫిల్టర్ హౌస్‌కి వెళ్ళింది. మందు కలిపే గది తాళం ఆమె దగ్గరే ఉంటుంది. లోపల నడుమెత్తు ఇనుప తొట్టి, దాని కింద పిడికెడంత ఇత్తడి వాల్వు. బయట పంపు ఆపరేటరు రేడియోలో పాటలు వింటున్నాడు. ఆమె వాల్వు కుడివైపుకి తిప్పింది. నాలుగు చుట్లకి బిగిసింది. తర్వాత ఆ రోజు కలపాల్సిన మందును గచ్చు తూములో పోసేసి, రిజిస్టరులో "కలిపినది" అని రాసి సంతకం పెట్టింది.

అలా రోజూ. ఓటు వేసిన యాభై ఎనిమిది శాతం మందిని రోజూ ఉదయం పదింటికి ఆమె మోసం చేసేది. ఆపితే హన్సిక లాంటి పిల్లలు, ఆపకపోతే ఉగ్గుగిన్నెతో కొట్టుకుంటున్న పద్నాలుగు మంది. ఎటు చూసినా తను చేసిన వస్తువే కనిపించేది. వీధిలో పెద్దవాళ్ళు ఇంకా నమస్కారం పెట్టేవారు. తిరిగి పెట్టడానికి చేతులు లేచేవి కావు.

మూడో శుక్రవారం తనిఖీకి, పథకాన్ని గమనించే పౌరసంఘం తరఫున ఎవరో వస్తారని కబురొచ్చింది. వచ్చింది శేషగిరి. గదిలోకి వచ్చి తొట్టి చూశాడు, గొట్టం మీద చెయ్యి వేశాడు. మందు పారుతుంటే ఆ గొట్టం చల్లగా, సన్నగా అదురుతూ ఉండాలి. డ్రిల్లు మాస్టారి చెయ్యి, పిల్లల నాడి పట్టి చూసే చెయ్యి. అది గొట్టం మీద చాలాసేపు ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"పంతొమ్మిది రోజులు."

శేషగిరి కళ్ళు మూసుకుని తెరిచాడు. గుమ్మంలో ఆపరేటరు పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. శేషగిరి పెన్ను తీసుకుని రిజిస్టరులో 'సవ్యముగా ఉన్నది' అని రాసి సంతకం చేశాడు. బయటికి వెళుతూ, "ఇంట్లో నాతో మాట్లాడకక్కా. మాట్లాడితే నేను అరుస్తాను," అన్నాడు.

మాట్లాడలేదు. ఒకే ఇంట్లో, ఒకే భోజనాల బల్ల దగ్గర, హన్సిక మధ్యలో కూర్చుని అటూ ఇటూ చూస్తుండగా, అన్నం తిని లేచేవాళ్ళు.

ముప్పై రోజులు దాటాక ఊరి నాలుక తిరిగి రావడం మొదలైంది. ఇందుమతి అది కొట్లలో గమనించింది. మజ్జిగ ప్యాకెట్ల వెనక వరుసలో నల్లటి సీసాలు కనిపించాయి. సాయంత్రానికి ఆ వరుస ఖాళీ అయ్యేది. తియ్యగా ఉందని ఒక్కరూ పైకి అనలేదు. తనొక్కడికే మందు పనిచేయడం మానేసిందనుకుని, ఆ అదృష్టం బయటపడకుండా ఎవరికి వారు దాచుకున్నారు. అదే వారంలో జరిగిన సర్వేలో నూటికి తొంభై మూడు మంది పథకం కొనసాగాలన్నారు.

నలభై ఒకటో రోజు మధ్యాహ్నం స్రవంతి ఫోన్ చేసింది. మాట్లాడలేదు. ఫోన్ బిడ్డ దగ్గర పెట్టింది. గుటక, గుటక, మధ్యలో ముక్కుతో తీసుకునే చిన్న ఊపిరి. ఇందుమతి ల్యాబ్ గోడకి ఆనుకుని ఆ చప్పుడు ఆగేదాకా విన్నది. మార్తమ్మకి ఫోన్ చేస్తే, ఊళ్ళోనూ ముగ్గురు పిల్లలు రొమ్ము పట్టారంది.

ఇంటికి వెళ్ళేసరికి శేషగిరి హాల్లో హన్సిక వేలికి దూది అదుముతున్నాడు. మిషను బల్ల మీద ఉంది.

"బుజ్జిగాడు పాలు తాగాడురా," అంది ఇందుమతి. అన్నాళ్ళ తర్వాత మొదటి మాట.

శేషగిరి మొహం ఒక్క క్షణం విచ్చుకుంది. తర్వాత మిషను ఆమె వైపు తిప్పాడు. రెండు వందల పన్నెండు.

"నాన్న నా సంచి చూశారత్తా," అంది హన్సిక తల వంచుకుని. "తియ్యగా ఉంటుందని నాకు తెలియదు. ఊరికే ఒక గుక్క చూద్దామని... తియ్యగా ఉంది."

ఎవరూ ఆ పిల్లను తిట్టలేదు. శేషగిరి దూది తీసి చూసి, మళ్ళీ అదిమాడు. "అందరి ఇళ్ళలోనూ ఇదే జరుగుతూ ఉంటుంది," అన్నాడు. "మందు ఉందన్న ధీమాతో ఎవరూ సంచులు చూడట్లేదు. చెప్పెయ్యక్కా. కనీసం కాపలా అయినా కాసుకుంటారు."

మర్నాడు ఆమె రిజిస్టరు పట్టుకుని కమిషనర్ దగ్గరికి వెళ్ళింది. వాల్వు కట్టేసిన సంగతి, తూములో పోసిన సంగతి, ఒక్కటీ మిగల్చకుండా చెప్పింది. చెప్పాక అరెస్టు చేయించమన్నట్టు నిలబడింది.

కుముదిని లేచి తలుపు దగ్గరగా వేసింది. "నాకు తెలుసు మేడమ్. పది రోజుల నుంచి కొబ్బరినీళ్ళు తియ్యగా ఉన్నాయి."

"మరి ఎందుకు..."

"పిల్లలు పాలు తాగుతున్నారు. జనం సంతోషంగా ఉన్నారు. తొంభై మూడు శాతం, మేడమ్. ఇంత మంది ఒప్పుకున్న పథకం నేను నా సర్వీసులో చూడలేదు. దీన్ని చూసి ఇంకో తొమ్మిది పట్టణాలు తీసుకుంటున్నాయి. వచ్చే నెల పైడిమెట్టలో ఓటు." రిజిస్టరును మెల్లగా ఇందుమతి వైపు జరిపింది. "ఈ రోజుది సంతకం పెట్టినట్టు లేరు."

"అక్కడ నిజంగా కలుపుతారు," అంది ఇందుమతి. "అక్కడా బాలింతలు ఉంటారు."

"అక్కడి వాల్వు మీ చేతిలో ఉండదు," అంది కుముదిని. బెదిరించినట్టు అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టే అంది.

ఇందుమతి సంతకం పెట్టలేదు. తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేసింది. సాయంత్రానికి, అనారోగ్యం కారణంగా ఆమెను ఉద్యోగం నుంచి పక్కన పెట్టినట్టు కాగితం వచ్చింది. రేవులపాడు పత్రికల విలేకరులకి ఆమె చెప్పిన మాటలు ఎక్కడా రాలేదు. శేషగిరి తను తెలిసి సంతకం పెట్టానని బడిలో చెబితే, కూతురి జబ్బుతో మనిషి అదోలా అయిపోయాడని జాలిపడ్డారు.

పైడిమెట్ట సభకి ఆమె బస్సులో వెళ్ళింది. వెనక కూర్చుందామనుకుంది, కానీ గుర్తుపట్టారు. పథకానికి తల్లి లాంటి ఆవిడ మన ఊరికి వచ్చిందని మైకులో చెప్పారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ముందు వరుసలో ఎనిమిదో నెల గర్భిణి ఒకామె కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి మరీ కొట్టింది. చప్పట్లు తగ్గేదాకా ఇందుమతి మైకు ముందు నిలబడింది. తర్వాత, "నేను చెప్పేది మీకు నచ్చదు," అని మొదలుపెట్టి, రేవు వార్డు ఆడపిల్ల దగ్గర నుంచి తన సంతకాల దాకా అంతా చెప్పింది.

మధ్యలో జనం లేచి వెళ్ళడం మొదలుపెట్టారు. ఎవరో మైకు ఆపేశారు. ఆమె మైకు లేకుండానే పూర్తిచేసింది. ఓటు అనుకున్న రోజునే జరుగుతుందని ఒక అధికారి ప్రకటించాడు.

హాలు ఖాళీ అయ్యాక ఇందుమతి ఒక కుర్చీలో కూర్చుంది. ముగ్గురు ఆడవాళ్ళు మిగిలారు. గర్భిణి వాళ్ళలో ఒకతె. దగ్గరికి వచ్చి ఇందుమతి పక్క కుర్చీలో మెల్లగా కూర్చుంది.

"మా అత్తగారికి షుగర్. మా పెద్దవాడు బొద్దుగా ఉంటాడు, వాడికీ వస్తుందేమోనని భయం. ఈ నీళ్ళ కోసమే ఇంటిల్లిపాదీ ఓటు వేద్దామనుకున్నాం," అంది. కడుపు మీద చెయ్యి వేసుకుంది. "ఇప్పుడు నన్ను ఎటు వెయ్యమంటారు మేడమ్?"

"నాకు తెలియదమ్మా," అంది ఇందుమతి.

ఆ మాట విని కూడా ఆమె లేచి వెళ్ళలేదు. మిగతా ఇద్దరూ కుర్చీలు లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. బయట వాచ్‌మన్ తలుపులు ఒక్కొక్కటే వేసుకుంటూ వస్తున్నాడు.